‘క్లబ్ ఫంగై’ని తెలుగులో గద శిలీంధ్రాలు అనొచ్చా?

కడప నుంచి:
ఇంటర్ పిల్లలకు తెలుగులో నోట్సు రాస్తున్నా. శిలీంధ్రాల్లోని రెండు పెద్ద వర్గాల్లో ఆస్కోమైకోటాను ఇంగ్లిషులో ‘సాక్ ఫంగై’ అంటారు, బెసిడియోమైకోటాను ‘క్లబ్ ఫంగై’ అంటారు. సాక్ అంటే సంచి, క్లబ్ అంటే గద. మొదటిదానికి ‘తిత్తి శిలీంధ్రాలు’ అని పెట్టాను, బాగానే ఉంది. రెండోదానికి ‘గద శిలీంధ్రాలు’ అనుకుంటున్నా. మా స్టాఫ్ రూములో ఒకాయన ‘దుడ్డుకర్ర శిలీంధ్రాలు’ అంటే పిల్లలకు తొందరగా ఎక్కుతుందంటాడు. మీరేమంటారు?

అనంతపురం నుంచి:
దుడ్డుకర్ర వద్దు సార్. వాడేకొద్దీ పేరు పొట్టిదవుతుంది. నాలుగు రోజులకు ‘దుడ్డు పుట్టగొడుగు’ అయి కూర్చుంటుంది. మా వైపు దుడ్డంటే డబ్బు. దుడ్లు కాసే పుట్టగొడుగు ఎక్కడ దొరుకుతుందని పిల్లలు కాదు, వాళ్ళ నాయనలు వచ్చి అడుగుతారు.

కర్నూలు నుంచి:
మాకైతే దుడ్డుకర్ర అనగానే దేవరగట్టు దసరా రాత్రి కర్రల సమరం గుర్తొస్తుంది. అది పక్కన పెట్టండి. గదా, దుడ్డుకర్రా అని తేల్చే ముందు ఆ గద అసలు ఎక్కడుందో చూడాలి. ఇంగ్లిషులో ‘క్లబ్’ అనే ఆ ఒక్క మాటే రెండు వేర్వేరు చోట్ల తిరుగుతోంది.

ఒకటి కంటికి కనిపించే గద. లాటిన్‌లో ‘క్లావా’ అంటే గద, దాన్నుంచే ‘క్లావేరియా’ వచ్చింది. గొడుగు లేకుండా నిటారుగా కర్రలా లేచే జాతులు ఎన్నింటినో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఈ పేరు కిందే చేర్చాడు. రెండోది సూక్ష్మదర్శినిలో తప్ప కనిపించని గద. పుట్టగొడుగు గొడుగు కింద సన్నటి రేకులుంటాయి కదా, వాటి మీద ఉండే కణం అది. మొదలు దగ్గర సన్నం, కొసన లావు, ఆ కొస మీద మామూలుగా నాలుగు సిద్ధబీజాలు (స్పోర్లు). ఫ్రాన్సు శాస్త్రవేత్త లెవెయే 1837లో దీన్ని వివరించాడు. దీని పేరే బెసిడియం. ఆ మాటకు అర్థం చిన్న పీఠం. అంటే శాస్త్రీయ నామంలో గద ఊసే లేదు, అది ఇంగ్లిషు వాడుక పేరులో వచ్చి చేరింది.

ఇప్పుడు మీ పిల్లవాడు ‘గద శిలీంధ్రాలు’ అని చదివాడనుకోండి. గద ఆకారంలో ఉన్నవన్నీ ఇందులోవే అనుకుంటాడు. అక్కడే దెబ్బతింటాడు. లిన్నేయస్ ‘క్లావేరియా మిలిటారిస్’ అన్నది ఈరోజు కార్డిసెప్స్ మిలిటారిస్. పురుగుల ప్యూపాల మీద మొలిచే ఎర్రటి చిన్న గద. కార్డిసెప్స్ అన్న పేరుకే గదలాంటి తల అని అర్థం. కానీ అది తిత్తి శిలీంధ్రం! ఆయన ‘క్లావేరియా హైపాక్సిలాన్’ అన్నది ఇప్పుడు జైలేరియా, అదీ తిత్తి వైపే.

మన నేలకు దగ్గరి ఉదాహరణ జైలేరియా నైగ్రిపెస్. నైగ్రిపెస్ అంటే నల్లకాలిది. చెదలు తమ పుట్టలో టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని తోటలాగా పెంచుకుంటాయి. వానలు పడ్డాక పుట్ట మీదికి గొడుగులై వచ్చేది అదే, మనం కూర వండుకునేదీ అదే. చెదలు పుట్ట వదిలేసి పోతే తోట చూసే దిక్కుండదు. అప్పుడు ఈ జైలేరియా దాన్ని ఆక్రమించి నల్లగా, కర్రలాగా పైకి వస్తుంది. పుట్ట ఉంది, గొడుగు లేదు. గద ఉంది, అయినా ‘గద శిలీంధ్రం’ కాదు. దీని ముందు ‘పుట్టగొడుగు’, ‘గద శిలీంధ్రం’ అనే మన రెండు పేర్లూ చేతులెత్తేస్తాయి.

తిరగేసి చూడండి. వేరుశనగలో తుప్పు తెగులు, జొన్నలో కాటుక తెగులు తెచ్చేవి రెండూ బెసిడియోమైకోటావే. వాటిలో గద ఆకారం ఎక్కడ? ఆకు మీద తుప్పు పొడి, కంకిలో నల్ల పొడి. సూక్ష్మదర్శినిలో చూద్దామన్నా తుప్పు శిలీంధ్రాల బెసిడియం అడ్డగోడలతో నాలుగు గదులుగా ఉంటుంది. గద కాదు, గదులు!

అనంతపురం నుంచి:
అదే వేరుశనగలో టిక్కా మచ్చ తెగులు మాత్రం తిత్తి వైపుది. ఒకే ఆకు మీద రెండు పక్షాలూ ఉంటాయి.

కడప నుంచి:
సరే, కంటికి కనిపించే గదలన్నా ఒక కుటుంబమేనా?

కర్నూలు నుంచి:
అదీ కాదు. క్లావేరియాడెల్ఫస్ అని ఒకటుంది. క్లావేరియాకు తోబుట్టువు అని అర్థం, డాంక్ అనే డచ్చి శాస్త్రవేత్త 1933లో పెట్టాడు. తర్వాత డీఎన్‌ఏ చూస్తే క్లావేరియా మార్కెట్లో దొరికే బటన్ పుట్టగొడుగుతో పాటు అగారికేలిస్ అనే క్రమంలో తేలింది, తోబుట్టువేమో గాంఫేలిస్ అనే వేరే క్రమంలో. అయినా పేరు మార్చరు. అర్థం తప్పిందని పేరు తీసేయడానికి నియమాలు ఒప్పుకోవు. ఈ కర్ర ఆకారం వేర్వేరు వంశాల్లో విడివిడిగా చాలాసార్లు పుట్టింది.

ఇందులో ఒక జాతి క్లావేరియాడెల్ఫస్ పిస్టిల్లారిస్. పిస్టిల్లారిస్ అంటే రోకలిలాంటిది. నాకు గద కంటే ఈ పోలికే నచ్చింది.

అనంతపురం నుంచి:
రోకలి పైనా కిందా ఒకటే లావు కదా సార్. ఇది కల్వంలో మందు నూరే బండ అయ్యుంటుంది.

కర్నూలు నుంచి:
నిజమే, ఆ బండే దగ్గర. కడప సారూ, నా మాట ఇది. వర్గానికి బెసిడియోమైకోటా అనే ఉంచండి, ‘గద’ అనువాదం వద్దు. ఆకారం చెప్పాల్సిన చోట మాత్రం ‘గదాకారం’ అనండి, అది ఏ వర్గానిదైనా సరే. తిత్తిని కదపకండి. ఆ వర్గంలో సిద్ధబీజాలుండే సంచి పేరు ఆస్కస్, గ్రీకులో దానికి తోలుసంచి అని అర్థం, మన తిత్తీ తోలుదే. అంత చక్కగా కుదిరేవి అరుదు.

కడప నుంచి:
పరీక్షలో ‘క్లబ్ ఫంగై’ అని ఇస్తే?

కర్నూలు నుంచి:
ఇది ఇంగ్లిషు వాడుక పేరు అని పక్కన ఒక లైను రాయండి, చాలు. ఇంకొకటి, పుట్ట మీద లేచే ఆ నల్ల జైలేరియాకు నల్లమల అంచు ఊళ్ళలో ఏమైనా పేరుందేమో తెలిసినవాళ్ళు చెప్పండి. పశువులు మేపేవాళ్ళను అడిగితే దొరకొచ్చు.