ఆటిజం ఉన్న మా అబ్బాయికి జ్యూరీ సమన్లు వచ్చాయి: మినహాయింపు ఎలా కోరాలి?

మల్లెతీగ (టెక్సాస్):

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి ఈ మధ్యనే పంతొమ్మిదేళ్లు నిండాయి. చిన్నతనంలోనే ఆటిజం అని నిర్ధారించారు. మాటలు వచ్చు గానీ, ఎవరైనా రెండు విషయాలు కలిపి అడిగితే మొదటిదాని దగ్గరే ఆగిపోతాడు. కొత్త గదిలో ఎక్కువసేపు కూర్చోవలసి వస్తే చెవులు మూసుకొని గోడ వెంబడి నడుస్తూ ఉంటాడు. ఇప్పుడు వాడి పేరు మీద మా కౌంటీ (జిల్లా వంటిది) కోర్టు నుంచి జ్యూరీ సమన్లు వచ్చాయి, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందంలో కూర్చోవడానికి రమ్మని పిలుపు. రాజమహేంద్రవరం నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మా అత్తగారు కవరు మీద కోర్టు ముద్ర చూసి, మనవడి మీద ఎవరో కేసు పెట్టారనుకొని ఆ పూట అన్నం ముట్టలేదు. వాడు మాత్రం తన పేరున వచ్చిన ఉత్తరం గనుక ఎవరికీ ఇచ్చేది లేదంటూ దాన్ని వెంట పెట్టుకు తిరుగుతున్నాడు.

వాడు ఓటరుగా నమోదు కాలేదు, కారు నడపడు. మరి కోర్టువారికి వాడి పేరు ఎలా దొరికింది? ఆటిజం ఉందని రాసి పంపితే సరిపోతుందా, లేక ఆ రోజు వెంటబెట్టుకొని వెళ్లి చూపించాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పాతకాపు (టెక్సాస్):

మల్లెతీగ గారూ, ముందు మీ అత్తగారికి ధైర్యం చెప్పండి. ఆవిడ భయపడడంలో వింత లేదు. మన దేశంలో క్రిమినల్ కేసుల జ్యూరీ 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తోనే పోయింది. 1959లో బొంబాయి జ్యూరీ హత్య కేసులో నౌకాదళ అధికారి నానావతిని నిర్దోషి అన్న కథ పెద్దలు చెప్పగా వినడమే తప్ప, కోర్టు నుంచి కాగితం వస్తే అది గౌరవమైన పిలుపు కావచ్చునన్న ఊహ మన ఇళ్లలో లేదు.

టెక్సాస్‌లో జ్యూరీ జాబితాను ఓటర్ల పట్టిక నుంచే కాక, డ్రైవింగ్ లైసెన్సులు, రాష్ట్ర గుర్తింపు కార్డుల జాబితా నుంచి కూడా తయారు చేస్తారు. 2025 మే నెలలో విమాన ప్రయాణాలకు రియల్ ఐడీ (కేంద్ర ప్రమాణాలకు సరిపడే గుర్తింపు కార్డు) నిబంధన అమల్లోకి వచ్చిన సందర్భంలో చాలామంది తల్లిదండ్రులు కారు నడపని పిల్లలకు కూడా గుర్తింపు కార్డులు తీసుకున్నారు. మీరూ తీసుకొని ఉంటే పేరు అక్కడి నుంచే వెళ్లి ఉంటుంది. పేర్లు ఏరేది కంప్యూటరు. ఎవరికి ఆటిజం ఉందో దానికి తెలిసే వీలు లేదు.

ఆటిజం ఉందని ఒక వాక్యం రాసి పంపితే చాలదు. టెక్సాస్ గవర్నమెంట్ కోడ్‌లోని 62.109 సెక్షను ప్రకారం, శారీరక లేదా మానసిక ఇబ్బంది వల్ల జ్యూరీలో పనిచేయడం అసాధ్యమో, చాలా కష్టమో అయిన వ్యక్తికి జిల్లా జడ్జి కొంతకాలం వరకు గానీ శాశ్వతంగా గానీ మినహాయింపు ఇవ్వవచ్చు. ఇందుకు ప్రమాణపత్రం (అఫిడవిట్), దానితోపాటు వైద్యుని ధ్రువీకరణ జతచేయాలి. చట్టం వైద్యుడు అనే చెప్పింది కాబట్టి బడిలో సైకాలజిస్టు రాసిన పాత నివేదిక ఒక్కదాని మీదే ఆధారపడకండి. సమన్లు వచ్చేదాకా ఆగనవసరం లేదు, ఎప్పుడైనా దాఖలు చేయవచ్చు. ఇది తెలియక ప్రతిసారీ కొత్త ఉత్తరం కోసం డాక్టరు దగ్గరికి పరుగెత్తే కుటుంబాలను చూశాను. పంపేటప్పుడు శాశ్వత మినహాయింపు కావాలన్న మాట స్పష్టంగా రాయండి. అడగకపోతే ఈ విడతకు మాత్రమే వదిలిపెట్టి, తర్వాత మళ్లీ పిలిచే అవకాశం ఉంది.

ఇంకొక మెలిక ఏమిటంటే, ఆ మినహాయింపు ఆ కౌంటీలోని కోర్టులకే వర్తిస్తుంది. ఇల్లు మారి పక్క కౌంటీకి వెళితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసిందే. అన్నిటికంటే ముఖ్యం, కవరును పక్కన పడేయకండి. సమాధానం ఇవ్వనివారికి ఇక్కడ 100 నుంచి 1,000 డాలర్ల వరకు జరిమానా వేయవచ్చు.

కృష్ణాతీరం (కాలిఫోర్నియా):

మా అమ్మాయి విషయంలో ఇదే జరిగింది. మొదటిసారి మా డాక్టరుగారు 'ఈమెకు ఆటిజం ఉంది, జ్యూరీ నుంచి మినహాయించగలరు' అని రెండు వాక్యాల ఉత్తరం ఇచ్చారు. కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. అప్పట్లో కోపం వచ్చింది గానీ, నిబంధన చదివాక వారి తర్కం అర్థమైంది. జబ్బు పేరు వారికి అక్కరలేదు, ఆ మనిషి ఏమి చేయలేదో తెలియాలి.

కాలిఫోర్నియాలో శాశ్వత వైద్య మినహాయింపుకు ప్రత్యేకంగా 2.1009 నంబరు నిబంధన ఉంది, 2019 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. జ్యూరీ సేవ చేయగలగడం అంటే ఏమిటో అందులోనే నిర్వచించారు: భోజన విరామం, మధ్యలో చిన్న విరామాలు ఇస్తూ, అవసరమైన వెసులుబాట్లు కూడా కల్పిస్తే, రోజుకు ఆరు గంటల వరకు సాక్ష్యాల మీదా విచారణ మీదా దృష్టి నిలపగలగడం. కాబట్టి ఉత్తరం ఈ కొలతకే సమాధానం చెప్పాలి. రెండోసారి నేను ఆ నిబంధన ప్రతిని డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన తన లెటర్‌హెడ్ మీద రాసిన ఉత్తరం సారాంశం ఇది: 'ఈమె మౌఖికంగా చెప్పే విషయాన్ని కొద్ది నిమిషాలకు మించి వరుసగా అనుసరించలేరు; పరస్పర విరుద్ధమైన రెండు కథనాలను విని పోల్చలేరు; పలువురు ఒకేసారి మాట్లాడే గదిలో తీవ్రమైన ఆందోళనకు లోనై బయటకు వెళ్లిపోతారు; విరామాలు, చెవులకు శబ్దనిరోధక సాధనాలు, లిఖిత ప్రతులు ఇచ్చినా ఈ పరిస్థితి మారదు; ఇది శాశ్వతం.' నా అంచనా ప్రకారం చివరి రెండు మాటలే పని చేశాయి. వెసులుబాటు ఇచ్చినా కుదరదన్నది ఉత్తరంలో లేకపోతే, వెసులుబాటు ఇస్తాం రండి అనే హక్కు కోర్టుకు ఉంటుంది.

ఉత్తరం రాసేది వైద్యం చేస్తున్నవారే కావాలి. ఎప్పుడో నిర్ధారణ చేసి వదిలేసినవారి కాగితం పనికిరాదు. పద్దెనిమిదేళ్లు దాటాక పిల్లల వైద్యుని దగ్గర నుంచి పెద్దల వైద్యుని దగ్గరకు మారే సంధికాలంలోనే ఈ సమన్లు కూడా వస్తాయి, అక్కడే చాలామంది చిక్కుకుంటారు. శాశ్వత మినహాయింపు అంటే శిలాశాసనం కాదు, మనసు మార్చుకుంటే జాబితాలో తిరిగి చేర్చమని కోరవచ్చు.

నిశ్శబ్దం (న్యూజెర్సీ):

ఈ చర్చను ఆసక్తితో చదువుతున్నాను. నాకు ఆటిజం ఉంది, పెద్దయ్యాకే తెలిసింది. సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. నాకు సమన్లు వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లందరూ ఏక కంఠంతో మినహాయింపు కోరమన్నారు, నన్నెవరూ అడగలేదు. నేను వెళ్లాలనుకున్నాను. ఎనిమిది గంటలు ఒక తప్పు కోసం లాగ్ ఫైళ్లు వెతకగలిగినవాడు సాక్ష్యం వినలేడని ఎందుకు అనుకోవాలి?

రాష్ట్ర కోర్టులకు 1990 నాటి అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ చట్టం వర్తిస్తుంది, అంటే తగిన వెసులుబాట్లు కల్పించడం వారి బాధ్యత. ముందుగానే రాసి కోరితే, జనంతో నిండిన హాలులో కాకుండా పక్క వరండాలో వేచి ఉండనిచ్చారు. ట్యూబులైట్ల వెలుగు నాకు పడదు కాబట్టి రంగు అద్దాలు పెట్టుకోవడానికి అనుమతి ఇచ్చారు. ఆ రోజు పనుల క్రమాన్ని కాగితం మీద రాసి ఇచ్చారు. ఇవన్నీ చిన్న విషయాలే గానీ, నాకు అవే కోర్టు గదిలోకి దారి.

జ్యూరర్లను ఎంచుకోవడానికి ప్రశ్నలు అడిగే దశలో ఒక న్యాయవాది, 'మీరు ఏ పక్షపాతం లేకుండా తీర్పు ఇస్తానని ఈ కోర్టుకు హామీ ఇవ్వగలరా?' అని అడిగారు. అందరూ అవునన్నారు. నేను, 'సాక్ష్యం వినకముందే నా మనసు ఎటు మొగ్గుతుందో నాకు తెలియదు కాబట్టి హామీ ఇవ్వలేను, ప్రయత్నిస్తానని మాత్రం చెప్పగలను' అన్నాను. కారణం చెప్పనక్కరలేని తమ హక్కును వాడుకొని నన్ను తొలగించారు. ఆ గదిలో ప్రశ్నను ప్రశ్నగా తీసుకున్నది నేనొక్కడినే అని ఇప్పటికీ అనుకుంటాను. అయినా నా ఫిర్యాదు వారి మీద కాదు. ఆటిజం అనగానే మినహాయింపు అని మనవాళ్లు రాసిపారేస్తున్నారే, దాని మీద.

మల్లెతీగ (టెక్సాస్):

నిశ్శబ్దం గారూ, మీ మాట గుచ్చుకున్నా న్యాయంగానే ఉంది. కానీ మా అబ్బాయి పరిస్థితి వేరు. కొట్టులో చిల్లర లెక్కపెట్టడం దగ్గరే వాడికి సాయం కావాలి. ఒక మనిషి స్వేచ్ఛ వాడి చేతిలో పెట్టడం అవతలి వ్యక్తికే అన్యాయం కదా? వాడిని అడగాలని మీరంటే అడుగుతాను, కానీ ఏమని అడగాలో తెలియడం లేదు.

నిశ్శబ్దం (న్యూజెర్సీ):

అమ్మా, మీవాడిని కోర్టుకు పంపమని నేను అనలేదు. మీరు చెప్పినదాన్ని బట్టి మినహాయింపే సరైనది. ఆ కాగితం వాడి పేరున వచ్చింది, వాడు పట్టుకు తిరుగుతున్నాడన్నారు కదా, దానికి జవాబు వెళుతున్న సంగతి వాడికి తెలిసి వెళ్లాలి. 'కోర్టువారు ఒక గదిలో చాలాసేపు కూర్చొని వినమంటున్నారు. నీకు అది కష్టమని డాక్టరుగారు రాస్తారు. సరేనా?' అంటే చాలు. ఒక్కొక్క ప్రశ్న విడివిడిగా అడగండి.

తేనెపట్టు (ఇంగ్లండ్):

అమెరికాలో పౌరులు మాత్రమే జ్యూరీకి అర్హులు. ఇక్కడ కథ వేరని మనవాళ్లలో చాలామందికి తెలియదు. భారత పౌరులు కామన్‌వెల్త్ పౌరులు కాబట్టి ఇంగ్లండులో ఓటరుగా నమోదు కావచ్చు. ఓటర్ల పట్టికలో పేరుండి, 18 నుంచి 75 ఏళ్ల మధ్య వయసుండి, పదమూడో ఏడు దాటాక ఈ దేశంలో ఐదేళ్లు నివసించి ఉంటే, జేబులో భారతీయ పాస్‌పోర్టు ఉన్నా జ్యూరీకి పిలుపు రావచ్చు. నాకు వచ్చింది. నాకూ ఆటిజం ఉంది.

ఇక్కడ ఉత్తరాలు పంపేది జ్యూరీ సెంట్రల్ సమనింగ్ బ్యూరో. ఏడు రోజుల్లో జవాబివ్వాలి. పట్టించుకోకపోతే 1,000 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు. సేవ మామూలుగా పది పనిదినాలు ఉంటుంది. వాయిదా వేరు, మినహాయింపు వేరు. ఆ నెలలో ఆరోగ్యం బాగాలేకపోతే వాయిదా కోరడం మంచిది, పూర్తిగా వద్దనుకుంటేనే మినహాయింపు. మానసిక ఆరోగ్యానికి చికిత్స తీసుకుంటున్నవారిని గంపగుత్తగా అనర్హులను చేసే పాత నిబంధనను 2013లో ఒక చట్టంతో తొలగించారు. మెంటల్ కెపాసిటీ చట్టం కింద నిర్ణయ సామర్థ్యం లేదని తేలినవారు మాత్రం అనర్హులే. వైకల్యం ఉన్న జ్యూరర్ పని చేయగలరా లేదా అన్న సందేహం వస్తే తేల్చేది జడ్జి, గుమాస్తా కాదు.

నేను వెసులుబాట్లు కోరి వెళ్లాను. ముందురోజు సిబ్బంది ఖాళీ కోర్టు గదిని చూపించి, నేను కూర్చోబోయే కుర్చీ ఏ వరుసలో ఉంటుందో చెప్పారు. విచారణ కంటే, జ్యూరీ గదిలో పన్నెండు మంది ఒకరి మాట మీద మరొకరు మాట్లాడే చర్చలే నన్ను అలసగొట్టాయి. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడదామని ఫోర్‌మన్‌ను (జ్యూరీకి పెద్దగా ఉండేవారిని) కోరాను, మిగతావారూ సంతోషించారు. అయినా మళ్లీ పిలిస్తే మినహాయింపు కోరతానేమో. చేయగలనని తెలియడం వేరు, ఆ తర్వాత వారాల తరబడి మంచం పట్టడం వేరు. ఈ రెండో సంగతి కూడా డాక్టరు ఉత్తరంలో రాయించవచ్చు.

పాతకాపు (టెక్సాస్):

నాకు వ్యక్తిగత సందేశాలు పంపుతున్నవారికి ఇక్కడే జవాబిస్తున్నాను. జ్యూరీ బెడద వదలడానికి గార్డియన్‌షిప్ తీసుకోవడం మంచిదేనా అని ముగ్గురు నలుగురు అడిగారు. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకున్నట్టే. గార్డియన్‌షిప్ అంటే కోర్టు ఒక వ్యక్తిని అశక్తుడని ప్రకటించి, అతని హక్కుల్లో కొన్నిటినో అన్నిటినో మరొకరికి అప్పగించడం. టెక్సాస్‌లో సంపూర్ణ గార్డియన్‌షిప్ కింద ఉన్నవారికి ఓటు హక్కు కూడా పోతుంది. ఓటుకు అర్హత లేనివారు జ్యూరీకి అర్హులు కారన్నది నిజమే గానీ, ఒక కాగితానికి జవాబివ్వడం తప్పించుకోవడానికి పిల్లవాడి ఓటును ఎవరూ వదులుకోరాదు. కాలిఫోర్నియాలో కూడా కన్జర్వేటర్‌షిప్ (అక్కడి గార్డియన్‌షిప్) కింద ఉన్నవారిని జ్యూరీకి తీసుకోరు. ఆస్తి, వైద్యం వంటి వేరే అవసరాలకు అది తీసుకొని ఉంటే ఆ ఉత్తర్వు ప్రతిని జతచేయండి. సాయంతో నిర్ణయాలు తీసుకునే ఒప్పందాన్ని 2015లో అమెరికాలో మొదట చట్టబద్ధం చేసింది మన టెక్సాసే. వైద్యం, డబ్బు వ్యవహారాల్లో తోడు ఉంటే చాలుననుకునేవారు ముందు దాన్ని పరిశీలించండి.

వేపచెట్టు (టెక్సాస్):

తల్లులకు ఒక మాట. సమన్లు పిల్లలకే కాదు, మనకూ వస్తాయి. తనంతట తాను చూసుకోలేని వ్యక్తికి ప్రధాన సంరక్షకులుగా ఉన్నవారికి టెక్సాస్‌లో మినహాయింపు ఉంది. సమన్ల మీదనే ఆ గడి ఉంటుంది, టిక్కు పెట్టి పంపాను, సరిపోయింది.

జ్యూరీకి రాలేదు కాబట్టి అరెస్టు వారంటు ఉంది, వెంటనే గిఫ్టు కార్డులతో జరిమానా కట్టండి అని ఫోన్లు చేసే మోసగాళ్లు ఉన్నారు. ఏ కోర్టూ అలా డబ్బు అడగదు. విన్నదాన్ని విన్నట్టు నమ్మే మన పిల్లలకు ఈ విషయం ముందే చెప్పి ఉంచాలి. పోలీసులమని చెబుతూ వచ్చిన అలాంటి ఫోనుకు మావాడు కార్డు నంబరు చదివి వినిపిస్తూ ఉండగా నేను గదిలోకి వచ్చాను.

మల్లెతీగ (టెక్సాస్):

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. కౌంటీ కోర్టు మినహాయింపు ఇస్తే ఫెడరల్ (కేంద్ర) కోర్టు కూడా పిలవడం మానేస్తుందా? ఫారంలో సంతకం వాడి బదులు నేను చేయవచ్చా?

పాతకాపు (టెక్సాస్):

మానదు, రెండూ వేర్వేరు. ఫెడరల్ కోర్టులు 1968 నాటి తమ చట్టం ప్రకారం నడుస్తాయి. అక్కడ ముందుగా అర్హత తెలుసుకునే ప్రశ్నపత్రం వస్తుంది. మానసిక లేదా శారీరక బలహీనత వల్ల జ్యూరీ సేవ సరిగా చేయలేనివారు అనర్హులని ఆ చట్టమే చెబుతుంది కాబట్టి, అదే డాక్టరు ఉత్తరం తాజా తేదీతో జతచేస్తే చాలు. ఆ పత్రాన్ని స్వయంగా నింపలేనివారి బదులు మరొకరు నింపవచ్చు, అయితే తామే నింపామని, ఎందుకు నింపవలసి వచ్చిందో అందులో రాయాలి. కౌంటీ ప్రమాణపత్రం సంగతి క్లర్కుకు ఫోను చేసి అడగండి. ఎక్కడైనా సరే, వాడు చేసినట్టుగా మీరు వాడి సంతకం పెట్టకండి. మీ పేరు రాసి, తల్లినని రాసి, మీ సంతకమే పెట్టండి. పంపే ముందు అన్నిటికీ ఒక ప్రతి తీసి ఉంచుకోండి.