లైసోజైమ్ స్ఫటికంలో నీటి కదలికను ఎలా లెక్కకట్టాలి?

నమస్కారమండీ. కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమ్ అనే ప్రోటీన్ స్ఫటికంలో నీళ్లు ఎలా కదులుతాయో కంప్యూటర్ సిమ్యులేషన్‌లో చూస్తున్నాను. టెట్రాగోనల్ (చతురస్రపు అడుగున్న) రూపం, యూనిట్ సెల్‌కి, అంటే స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే గడికి, 8 ప్రోటీన్ అణువులు. పైకి గట్టిగా కనిపిస్తుంది గానీ ఘనపరిమాణంలో దాదాపు 40 శాతం ద్రవమే!

చిక్కు ఎక్కడంటే, సగటు వర్గ స్థానభ్రంశం (నీటి అణువులు కాలంతో పాటు జరిగిన దూరాల వర్గాల సగటు) గ్రాఫు సరళరేఖగా రావడం లేదు, వంగిపోతోంది. మొదటి 100 పికోసెకన్ల వాలు తీసుకుంటే ఒక వ్యాపన గుణకం (నీళ్లు ఎంత వేగంగా వ్యాపిస్తాయో చెప్పే సంఖ్య) వస్తోంది, 10 నానోసెకన్ల దగ్గర తీసుకుంటే ఇంకా చిన్నది. ఏది నమ్మాలి? ప్రోటీన్‌కి అతుక్కున్న నీళ్లను విడిగా లెక్కిద్దామంటే, అవి ప్రోటీన్ల మధ్య ఉండే కాలువల్లోని నీళ్లతో చోట్లు మార్చుకుంటూనే ఉన్నాయి.

పైగా నేను వాడే టిప్3పీ అనే నీటి మోడల్‌లో మామూలు నీళ్లే అసలు కన్నా రెట్టింపు పైగా వేగంగా పరిగెడతాయి. అందుకని అదే మోడల్‌లోని మామూలు నీటితో నిష్పత్తి మాత్రమే ఇస్తే సరిపోతుందా? చేసినవాళ్లెవరైనా చెప్పండి, ప్లీజ్.