ముంబయి లోకల్లో పెద్దవాళ్ళతో: దాదర్ నుంచి అంధేరీకి ఎలా వెళ్ళాలి?

ఇందూరు_ప్రయాణం:
నిజామాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాం. పొద్దున దాదర్‌లో దిగి అంధేరీలో చుట్టాలింటికి వెళ్ళాలి. అమ్మానాన్నలకు అరవై దాటింది, రెండు పెద్ద సూట్‌కేసులు ఉన్నాయి. మర్నాడు సిద్ధివినాయక్, మహాలక్ష్మి గుళ్ళు చూడాలి. లోకల్లో వెళ్ళొచ్చా, ట్యాక్సీయే మేలా?

దాదర్_వంతెన:
సామానుతో ఆ రోజు ట్యాక్సీయే మాట్లాడుకోండి. లోకల్ ఒక స్టేషన్లో ఆగేది అర నిమిషం లోపే. ఆ కాస్తలో ఇద్దరు పెద్దవాళ్ళూ రెండు సూట్‌కేసులూ ఎక్కడం జరిగే పని కాదు. మర్నాడు చేతిసంచులతో అయితే లోకల్ హాయి.

మీ రైలు సెంట్రల్ లైన్ వైపు ఆగుతుంది. అంధేరీ ఉన్నది వెస్ట్రన్ లైన్లో. మధ్యలో పాదచారుల వంతెన ఎక్కాలి. 2023 డిసెంబరు నుంచి దాదర్‌లో వెస్ట్రన్ ప్లాట్‌ఫాంలు 1 నుంచి 7, సెంట్రల్‌వి 8 నుంచి 14. పాత వీడియోల్లో చెప్పే నంబర్లు నమ్మకండి.

విరార్_ఫాస్ట్:
మర్నాటి సంగతి చెప్తాను. వెస్ట్రన్ లైన్‌కు దక్షిణం కొస చర్చ్‌గేట్, ఉత్తరాన విరార్. పొద్దున 8 నుంచి 11 దాకా చర్చ్‌గేట్ వైపు, సాయంత్రం 5:30 నుంచి 9 దాకా విరార్ వైపు ఊపిరాడదు. అంధేరీ నుంచి దాదర్ రావడమంటే చర్చ్‌గేట్ వైపే, పొద్దున ఆ రద్దీలోనే పడతారు, అందుకే 11 దాటాక బయలుదేరండి. మధ్యాహ్నం మూడు, నాలుగింటికల్లా తిరుగు రైలెక్కేయండి.

సిద్ధివినాయక్‌కు దాదర్‌లో పడమర వైపు దిగండి. మహాలక్ష్మి స్టేషన్లో, అన్ని స్టేషన్లలో ఆగే స్లో లోకల్ మాత్రమే ఆగుతుంది. కొన్ని స్టేషన్లు వదిలేసే ఫాస్ట్ ఎక్కితే ముంబయి సెంట్రల్‌లో తేలుతారు. ప్లాట్‌ఫాం మీద ఇండికేటర్ బోర్డులో ఊరి పేరు పక్కన ఎఫ్ ఉంటే ఫాస్ట్, ఎస్ ఉంటే స్లో. 12, 15 అనేవి పెట్టెల సంఖ్య. దాన్నిబట్టి మీ పెట్టె ఆగే చోటు మారుతుంది.

ఇంకోటి, తిరుగు ప్రయాణంలో అంధేరీ కోసం విరార్ ఫాస్ట్ ఎక్కకండి. లోపలివాళ్ళంతా దూరం పోయేవాళ్ళు, మధ్యలో దిగడానికి దారి దొరకదు. బోరివలీ లోకలో, అంధేరీ లోకలో చూసుకోండి.

ఇందూరు_ప్రయాణం:
చాలా థాంక్స్ అండీ. టికెట్ సంగతి? అమ్మ లేడీస్ పెట్టెలో ఎక్కితే నాన్న ఎలా?

ఠాణే_అక్క:
టికెట్ కౌంటర్లోనో, మనమే తీసుకునే ఏటీవీఎం మెషీన్లోనో తీసుకోండి. సెకండ్ క్లాస్ కనీస ఛార్జీ 5 రూపాయలు. రైల్వేవాళ్ళ రైల్‌వన్ యాప్‌లో కాగితం లేని టికెట్ అయితే స్టేషన్ బయటే తీయాలి, ప్లాట్‌ఫాం మీదికొచ్చాక తీస్తానంటే కుదరదు. తలుపు పక్కన ఎర్ర, పసుపు చారలుంటే ఫస్ట్ క్లాస్. సెకండ్ టికెట్‌తో అందులో కూర్చుంటే జరిమానా తప్పదు. ఏసీ లోకల్‌కు టికెట్ వేరు. దివ్యాంగుల పెట్టె ఖాళీగా కనబడినా అరవై దాటాయని ఎక్కకూడదు.

అమ్మగారు లేడీస్‌లో, నాన్నగారు జనరల్‌లో ఎక్కితే ఇద్దరి దగ్గరా విడివిడిగా టికెట్, ఫోన్ ఉండాలి. దిగాక ఎవరూ వంతెన ఎక్కకుండా, ఫలానా ఇండికేటర్ కింద నిలబడాలని ముందే అనుకోండి. దిగే స్టేషన్‌కు ఒకటి ముందే లేచి, ప్లాట్‌ఫాం ఏ వైపు వస్తుందో పక్కవాళ్ళను అడిగి, అటు తలుపు దగ్గరికి జరగాలి. బండి పూర్తిగా ఆగకముందు దిగనివ్వకండి. బ్యాగు వీపుకు కాదు, ముందుకు తగిలించుకోవాలి.

ఆదివారమైతే మెగా బ్లాక్ ఉందేమో ముందురోజే చూసుకోండి. పట్టాల పనులకు మధ్యాహ్నం పూట కొన్ని గంటలు ఫాస్ట్, స్లో లైన్లలో ఒకదాన్ని ఆపేస్తారు, బళ్ళన్నీ రెండోదాని మీదికి మళ్ళుతాయి.