చెవి చేసే ఈ తమాషాను తెలుగులో ఏమనాలి?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంగ్లీషులో ఒకటి అంటే మరొకటి వినబడి నవ్వు తెప్పించే మాటల గురించి సోమవారం తరగతిలో ఐదు నిమిషాలు మాట్లాడాలట. సాయం చేయబోయి నేనే చిక్కుకున్నాను.

అమెరికా రచయిత్రి సిల్వియా రైట్ కథ దొరికింది. చిన్నప్పుడు తల్లి ఆమెకు ఒక స్కాట్లాండ్ గాథ చదివి వినిపించేది. ప్రభువును చంపి పచ్చికపై పడుకోబెట్టారు, అంటే 'లెయిడ్ హిమ్ ఆన్ ద గ్రీన్' అని అందులో ఉంది. ఆ పిల్ల చెవికి అది 'లేడీ మాండెగ్రీన్'! పాపం, లేని దొరసానిని కూడా ప్రభువు పక్కనే చంపేసుకుంది. 1954లో ఆమె రాసిన వ్యాసంతో ఇలాంటి పొరపాట్లకు మాండెగ్రీన్ అనే పేరే వచ్చింది.

ఇంతవరకు బాగానే ఉంది. కొందరు ఆల్జైమర్స్ జబ్బును 'ఓల్డ్ టైమర్స్' అంటారు. ముసలివారి జబ్బు కదా, తప్పులోనూ అర్థం కుదిరింది. దీన్ని ఎగ్‌కార్న్ అంటారట. మరి ఒకప్పటి 'ఎ నేప్రన్' కాస్తా 'యాన్ ఏప్రన్' అయిందే, అది ఏ కోవకు వస్తుంది? అమ్మాయి అడిగితే నీళ్లు నమిలాను.

వీటికి తెలుగులో పేరుందా? శ్లేష అందామంటే అది కావాలని చేసేది, ఇది చెవి చేసిన మోసం. పిల్లల ముందు చెప్పదగ్గ ఉదాహరణలు మరో రెండు మూడు తెలిస్తే దయచేసి ఆదివారంలోగా చెప్పండి.