డిస్క్ గోల్ఫ్‌కు బుట్టలు లేకపోతే వేపచెట్లు సరిపోతాయా?

ఉప్పల్ టీచర్:
ఉప్పల్ వైపు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. మా పూర్వ విద్యార్థి ఒకడు అమెరికా నుంచి వచ్చినప్పుడు ఒక సంచి నిండా డిస్కులు (ఫ్రిస్బీ లాంటి పళ్లేలు) ఇచ్చి వెళ్లాడు. ఆట తెలియనివారికి: టీ (మొదట విసిరే చోటు) దగ్గర నుంచి విసరాలి, పడిన చోటు నుంచి మళ్లీ విసరాలి, గొలుసుల బుట్టలో పడేదాకా ఎన్నిసార్లు విసిరామన్నదే లెక్క. తక్కువ విసిరినవారిదే గెలుపు.

మా మైదానంలో సగం ఖోఖో, కబడ్డీలది. మిగతా సగం చుట్టూ వేపలు, కానుగలు, మూలన ఎవరూ కదపలేని బండరాయి. బుట్టల ధర వినగానే హెడ్మాస్టర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, అంతే. చెట్లనే గురిగా పెడితే పిల్లలకు తప్పు అలవాటు అవుతుందా?

ఇంకో సందేహం. ఒక పలుచటి డిస్కు మీద 12, 5, -1, 3 అని ఉంది. తొమ్మిదో తరగతి మగపిల్లలు బలమంతా పెట్టి విసిరినా సగం దూరంలోనే ఎడమకు తిరిగి నేలకు కొడుతోంది. ఆడపిల్లలు మందపాటి డిస్కును తాపీగా విసిరితే నేరుగా ఇంకా ముందుకు పోతోంది. మగపిల్లలకు ఇది నామోషీగా ఉంది. నాకు సంతోషంగా ఉంది, కానీ కారణం చెప్పాలి కదా.

తార్నాక డిస్కు:
టీచర్ గారూ, నిశ్చింతగా చెట్లతో మొదలుపెట్టండి. బుట్టలు రాకముందు ఆడినవాళ్లు చెట్లకూ దీపస్తంభాలకూ గురిపెట్టి ఆడినవాళ్లే. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఈ ఆటకు ఆద్యుడనే ఎడ్ హెడ్రిక్ వేసిన కోర్సులో (ఆడే స్థలంలో) కూడా మొదట్లో ఉన్నవి కేవలం స్తంభాలు. తగిలిందా లేదా అన్న తగాదా తెగకనే గొలుసుల బుట్ట పుట్టిందంటారు. మీకు ఆ తగాదా కూడా ఉండదు: బడి చెట్లకు జాజు, సున్నం పట్టీలు వేసే ఉంటారు. పట్టీకి తగిలితే పడినట్టు, పైన తగిలితే లేదు.

అంకెల విషయం: మొదటిది వేగం, రెండోది గాలిలో తేలే గుణం, మూడోది వేగంగా ఉన్నప్పుడు కుడికి తిరిగే గుణం, నాలుగోది వేగం తగ్గాక ఎడమకు వాలే గుణం. ఇది కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి బయటికి) విసిరేవారికి. ఎడమచేతి వాళ్లకు తలకిందులు. 12 అంటే ఆ డిస్కు అడిగే వేగం. పిల్లల చేతికి అంత వేగం రాదు, అందుకే కుడికి తిరగకుండానే నేరుగా చివరి వాలులోకి పడిపోతుంది. దాన్ని బీరువాలో పెట్టి, పుటర్లు (దగ్గరి గురికి వాడేవి), మిడ్‌రేంజ్‌లు (మధ్య దూరానికి వాడేవి) మాత్రమే ఇవ్వండి. బండరాయి వైపు మాత్రం ఏ గురీ పెట్టవద్దు, అంచులు చెక్కుకుపోతాయి.

నడక తాత:
అమ్మా, మా కాలనీ వాళ్లం పొద్దున్నే బడి మైదానంలోనే నడుస్తాం. ఆ పళ్లెం 170 గ్రాములు ఉంటుందట, అంచు పలుచన. మోకాలికి తగిలితే నా ఆపరేషన్ మళ్లీ మొదటికి వస్తుంది. విసిరే దారి నడిచే దారిని దాటకుండా చూడండి. పిల్లలు అరిచి హెచ్చరిస్తే చాలదు, మాలో సగం మందికి వినపడదు.

అల్టిమేట్ ఆటగాడు:
తాతగారి మాట నిజం. టీలన్నీ నడక బాటకు వీపు పెట్టి వేయండి మేడమ్, విసిరే దారులు 40 నుంచి 60 మీటర్లు చాలు. ఇంకొకటి, జూన్ జూలైల్లో పడమటి గాలి గట్టిగా వీస్తుంది. ఎదురుగాలిలో డిస్కు ఎక్కువ వేగంతో పోతున్నట్టే ప్రవర్తిస్తుంది, తేలికపాటివి కుడికి తిరిగిపోతాయి. వెనక గాలిలో త్వరగా ఎడమకు వాలతాయి. ఒకే చెట్టుకు రెండు వైపుల నుంచి విసిరించండి, మీరు చెప్పకుండానే పిల్లలు పట్టేస్తారు.
గురికి 10 మీటర్ల లోపు ఉంటే విసిరాక ముందుకు తూలి అడుగు వేయకూడదన్న నియమం మొదటి రోజు నుంచే పెట్టండి. తర్వాత మాన్పించడం కష్టం.

ఉప్పల్ టీచర్:
తాతగారూ, నడకవారు వెళ్లాక, చివరి పీరియడ్‌లోనే ఆడిస్తాను. పడమటి గోడ పక్క అయిదు వేపలు చూసి పెట్టాను. పాత సైకిల్ రిమ్ము, గొలుసులు ఇస్తే ఒక బుట్ట వెల్డింగ్ చేసి ఇస్తానని మా ఆరో తరగతి పిల్ల తండ్రి అన్నారు. గొలుసులు ఎంత పొడవు ఉండాలో, ఎన్ని వేలాడదీయాలో చేసినవారు ఎవరైనా చెప్పగలరా?