కొండకు రెండు వైపులా వాన ఒకటి కాదు: కందకాలు ఏ లెక్కన తవ్వాలి?

అరకు వైపు కాఫీ తోట, వాలు 30 శాతం. నైరుతి ముఖంగా ఒక ఎకరం, ఈశాన్య ముఖంగా ఇంకో ఎకరం. వాలు మీద పారే వాన నీటిని ఆపే కందకం కొలత 3 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు. ఒక్కోదాంట్లో 0.75 ఘనపు మీటర్లు నిలుస్తాయి.

50 మి.మీ. వానకి ఎకరం మీద పడేది 202 ఘనపు మీటర్లు. అందులో 40 శాతం పారుతుందనుకుంటే 81, అంటే 108 కందకాలు. ఇంతవరకు పేచీ లేదు. నైరుతి గాలికి వాన నిలువు నుంచి 30 డిగ్రీలు ఒరిగితే మాత్రం గాలికి ఎదురుగా ఉన్న నైరుతి వాలుకి (ఎదురు వాలు) 17 శాతం ఎక్కువ, ఈశాన్య వాలుకి (చాటు వాలు) అంతే తక్కువ (వాలు 0.30 × 30 డిగ్రీల టాంజెంట్ 0.577). అప్పుడు లెక్క 126, 90 అవుతుంది. మూతి మట్టంగా పెట్టిన వర్షమాపకంలో ఈ తేడా కనబడదు. శిఖరం మీద పెడితే మరీ దండగ, గాలి చినుకుల్ని మూతి మీదుగా లాక్కుపోతుంది.

వాయుగుండం పట్టినప్పుడు గాలి తూర్పు నుంచి కొడితే చాటు వాలే ఎదురు వాలవుతుంది. కాబట్టి రెండు వైపులా 126 తవ్వడమే మేలా, లేక చాటు వైపు 108 చాలా? మూతిని వాలుకి సమాంతరంగా వంచిన మాపకం వాడినవాళ్లున్నారా? రీడింగుని 0.958తో (వాలు కోణం కొసైన్) భాగించి, పటం మీది విస్తీర్ణానికి సరిపెడుతున్నారా?

ఇంకొకటి: కందకం అడుగు మట్టం తప్పితే నీరంతా పల్లపు కొసకి చేరి గట్టు తెగుతుంది. మధ్యలో అడ్డకట్ట వదలాలంటే ఎంత ఎత్తు?