గార్డు విప్పినవాడిదే తప్పా? జిన్నింగ్ మిల్లు ప్రమాదంపై చర్చ

ప్రశ్న (గుంటూరు): ఇక్కడికి దగ్గరలోని ఒక జిన్నింగ్ మిల్లులో (పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు), రోలరుకు చుట్టుకుపోయిన పత్తిని తీయబోయి మా బంధువు రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. గార్డు (చేయి లోపలికి పోకుండా యంత్రానికి బిగించే రక్షణ కవచం) తానే విప్పాడు కనుక తమకు బాధ్యత లేదని యాజమాన్యం అంటోంది. ఈ మాట నిలుస్తుందా?

షిఫ్టు సూపర్‌వైజర్ (గుంటూరు): జరిగినదానికి బాధగా ఉంది. అయినా నడుస్తున్న మిషనులో చేయి పెట్టవద్దని ప్రతి షిఫ్టులోనూ చెబుతూనే ఉంటాం. తలూపి, మేము అటు తిరగగానే గార్డు విప్పేవారున్నారు. ఆ తప్పును కూడా యజమాని నెత్తిన రుద్దడం సబబు కాదు.

మెయింటెనెన్స్ ఫిట్టర్ (ఆటోనగర్, విజయవాడ): నోటితో చెప్పినంత మాత్రాన బాధ్యత తీరదండి. నడుస్తున్న యంత్రాన్ని పరిశీలించడం, నూనె వేయడం వంటివి తప్పనిసరైతే, ప్రత్యేక శిక్షణ పొంది, పేరు రిజిస్టరులో ఎక్కిన కార్మికుడే బిగుతైన దుస్తులతో చేయాలనీ, ఆ దుస్తులు యాజమాన్యమే ఇవ్వాలనీ 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది.

పనిలో గాయపడిన కార్మికులకు సంబంధించిన 1923 నాటి పరిహార చట్టంలో, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ, మిల్లు యాజమాన్యం చెప్పే మినహాయింపు ఉన్నమాట నిజమే. అయితే మరణానికీ, శాశ్వత పూర్తి వైకల్యానికీ అది వర్తించదు. వేళ్లు పోవడం పాక్షిక వైకల్యం కనుకనే ఈ వాదన ఎత్తుకున్నారు. అప్పుడు కూడా, రక్షణ కోసం పెట్టారని తెలిసే కావాలని తీసేశాడని తేలాలి. గార్డు విప్పనిదే ఇరుక్కున్న పత్తి రాని చోట, పని కోసం విప్పడాన్ని ధిక్కారమనడం అన్యాయం.

అసలు మిషను ఆపడమంటే స్విచ్ నొక్కడం ఒక్కటే కాదు. ఆపిన తరువాత కూడా రోలరు ఊపు మీద కొంతసేపు తిరుగుతుంది. పత్తిని బేళ్లుగా నొక్కే బేలు ప్రెస్సులో మోటారు ఆగినా లైనులో ఆయిల్ ప్రెషర్ నిలిచి ఉండవచ్చు. స్విచ్‌ల ప్యానెల్ ఒక మూల, మనిషి ఒక మూల ఉన్నప్పుడు, సంగతి తెలియని మరొకరు వచ్చి స్టార్ట్ నొక్కవచ్చు. అందుకే మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, తాళంచెవిని పనిచేసేవాడే జేబులో పెట్టుకోవాలి. స్టార్ట్ బటన్ నొక్కి, కదలడం లేదని చూసుకున్నాకే చేయి పెట్టాలి.

షిఫ్టు సూపర్‌వైజర్: తాళాలకు పెద్ద ఖర్చేమీ కాదు. సీజనులో పత్తి లారీలు గేటు బయట బారులు తీరినప్పుడు, ప్రతి జామ్‌కూ మెయిన్ ఆపుతామంటే పైవాళ్లు ఒప్పుకోరు.

మెయింటెనెన్స్ ఫిట్టర్: అంటే ఆ తొందర కార్మికుడిది కాదని మీరే చెబుతున్నారు.

అడిగినవారికి ఒక మాట. ముందు ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉందో లేదో చూడండి. ఉంటే వైకల్య భృతి అక్కడినుంచే వస్తుంది, పరిహార చట్టం కింద కేసు కుదరదు. లేకపోతే శిక్షణ రిజిస్టరు అడగండి. గార్డు విప్పి జామ్ తీయడం అక్కడ నిత్యం జరిగేదేనా, సూపర్‌వైజర్లు చూసి ఊరుకునేవారా అన్నది తోటి కార్మికుల చేత రాయించుకోండి.